“బాగానే ఉన్నానమ్మా”: ప్రోటాన్ కేంద్రంలో ఒక నర్సు అనుభవాలు

ప్రోటాన్ కేంద్రంలో పనిచేసి రిటైరయ్యానని చెబితే అందరూ మెషిన్ గురించే అడుగుతారు. ఎంత పెద్దది, శబ్దం వస్తుందా, లోపలికి వెళ్తే భయమేస్తుందా అని. ఆ మెషిన్ గురించి నాకు తెలిసింది తక్కువ. దాన్ని నడిపేవాళ్లు వేరు, లెక్కలు వేసేవాళ్లు వేరు. అక్కడ నా పనిలో ముప్పావు వంతు అరవై దాటిన మగవాళ్లతో వాళ్ల మూత్రం గురించి, విరేచనం గురించి మాట్లాడటమే. వాళ్లకది తలవంపుగా ఉండేది. మొదట్లో నాకూ ఉండేది.

మా తమ్ముడి కూతురు ఈ మధ్యే నర్సింగ్ ముగించి రేడియేషన్ విభాగంలో చేరింది. “అత్తా, నీ అనుభవాలు రాయవా, చదువుకుంటాను” అంది. ఏ పోస్టు ఎప్పుడొచ్చిందీ, ఎవరు శాలువా కప్పిందీ రాయడం నాకిష్టం లేదు. చేసిన తప్పులు రాస్తాను. ఆ పిల్లకీ, ఆ పిల్ల తోటివాళ్లకీ పనికొస్తే అవే పనికొస్తాయి. పేషెంట్ల పేర్లు మార్చాను. ఆస్పత్రుల పేర్లు రాయను.

జాన్ మాస్టారు అడిగిన మాట

నా ఉద్యోగం గుంటూరులోనే మొదలైంది. అప్పటికి మా దగ్గర ఉన్నది పాతకాలపు కోబాల్ట్ మెషిన్. మా విభాగం పెద్ద డాక్టర్ సీతారామయ్య గారు. కోపిష్టి. కానీ పేషెంట్ల మీద ఎప్పుడూ కోప్పడలేదు, అదంతా మాకే దాచిపెట్టేవారు.

అద్దంకి దగ్గర్నుంచి జాన్ మాస్టారని ఒక రిటైర్డ్ టీచర్ వచ్చేవారు. ప్రోస్టేట్ క్యాన్సర్. తెల్లటి చొక్కా, జేబులో రెండు పెన్నులు. రేడియేషన్ రోజులన్నీ అయిపోయాక చివరి రోజున తెర పక్కన నిలబడి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు.

“సిస్టరమ్మా, ఇంటి దగ్గర... కాపురం విషయంలో ఏమన్నా తేడా వస్తుందా?”

నాకప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. సిగ్గేసింది. ఆ సిగ్గు నవ్వుగా బయటికొచ్చింది. “ఈ వయసులో ఇంకా అవన్నీ ఎందుకు మాస్టారూ! ప్రాణం దక్కింది, దేవుడికి స్తోత్రం చెప్పుకోండి” అన్నాను.

“అవునవును, నిజమేనమ్మా” అని ఆయన కళ్లజోడు పెట్టుకుని వెళ్లిపోయారు.

తెర అవతల సీతారామయ్య గారున్నారు. అంతా విన్నారు. గదిలోకి పిలిచి, “ఆయనకు జవాబు చెప్పావా, నోరు మూయించావా?” అని అడిగారు. 

“ఏడాది, రెండేళ్లలో పటుత్వం మెల్లగా తగ్గుతుంది, అందరికీ ఒకేలా ఉండదు, మందులున్నాయి, భార్యాభర్తలిద్దరూ కలిసి వస్తే మాట్లాడదాం. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి నీకేం అడ్డమొచ్చింది? ఆ మనిషి ఇక నిన్ను ఏదీ అడగడు. రక్తం పడినా అడగడు, చూస్తుండు.”

ఆయన అన్నంతా జరిగింది. మాస్టారు చెకప్‌కి వచ్చిన ప్రతిసారీ “ఎలా ఉన్నారు?” అని అడిగేదాన్ని. “బాగానే ఉన్నానమ్మా” అనేవారు. మూడేళ్ల తర్వాత మా చుట్టాల ఇంట్లో ప్రార్థన కూడికకు అద్దంకి వెళ్లాను. అక్కడి పాస్టరు గారు మాటల్లో చెప్పారు. మాస్టారు చర్చికి రావడం మానేసి రెండేళ్లయిందట. ముందు వరసలో కూర్చునే మనిషి వెనక్కి మారారు, తర్వాత తలుపు దగ్గరికి మారారు, తర్వాత రావడమే లేదు. ఎందుకో ఎవరికీ తెలియదట.

నాకు తెలిసింది. ఆరాధన రెండు గంటలు. ఆయన మూత్రం అంతసేపు ఆపుకోలేకపోతున్నారు. ఒక మాత్ర, నడుం కింది కండరాలకు కొన్ని వ్యాయామాలు నేర్పిస్తే చాలావరకు తగ్గేది. ఆయన చెప్పలేదు, చెప్పకుండా చేసింది నేను. అప్పుడే ఆయన ఇంటికి వెళ్లాల్సింది. మొహం చెల్లక వెళ్లలేదు. మరుసటి ఏడాది ఆయన గుండెపోటుతో పోయారని విన్నాను.

అప్పట్నుంచి సీతారామయ్య గారు నేర్పిన పద్ధతి పట్టుకున్నాను. “ఎలా ఉన్నారు?” అని అడగను. “రాత్రి ఎన్నిసార్లు లేచారు? మంట మొదట్లోనా చివర్లోనా? ధార సన్నబడిందా? బట్టలు తడిశాయా?” అని అడుగుతాను. ఇలా అడిగితే అంతా తెలిసిపోతుందనుకున్నాను. అది కూడా సగమే నిజమని తెలియడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

ప్రోటాన్ అంటే

ఉద్యోగం చివరి ఆరేళ్లు చెన్నైలో ఒక ప్రోటాన్ కేంద్రంలో చేశాను. మన జిల్లాల నుంచి పేషెంట్లు ఎక్కువగా వస్తున్నారని, తెలుగు మాట్లాడే నర్సు కావాలని తీసుకున్నారు.

మామూలు రేడియేషన్‌లో ఎక్స్‌రే కిరణం ఒక పక్క నుంచి శరీరంలోకి దూరి, గడ్డను దాటుకుని రెండో పక్క నుంచి బయటికి పోతుంది. దారిలో ఉన్నవాటికి కూడా కొంత తగులుతుంది. ప్రోటాన్‌ను ఎంత లోతున ఆగాలో లెక్కకట్టి పంపిస్తారు. అక్కడికి వెళ్లి, ఉన్న శక్తంతా అక్కడే వదిలేసి ఆగిపోతుంది. పసిపిల్లల మెదడులో గడ్డలకు ఇది ఎంత మేలో కళ్లారా చూశాను.

ప్రోస్టేట్ సంగతి అంత తేలిక కాదు. అది చిన్న నిమ్మకాయంత ఉంటుంది. పైన మూత్రసంచి, వెనకే ఆనుకుని పెద్దపేగు చివరి భాగం, మధ్యలోంచి మూత్రనాళం. కిరణం ఎంత కచ్చితంగా ఆగినా ఆ గోడల అంచులకు తగలక తప్పదు. ప్రోస్టేట్ విషయంలో, బాగా ఇచ్చిన మామూలు రేడియేషన్ కంటే ప్రోటాన్ ఎంత మెరుగన్నది ఇంకా తేలని విషయమే. మా డాక్టర్లే క్యాంటీన్‌లో కాఫీ చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్లు. పేషెంట్ల చెవికి చేరేసరికి ఆ వాదన “సైడ్ ఎఫెక్ట్స్ ఉండవంట” అనే ఒక్క మాటగా మిగిలేది. ఎవరైనా నా ఎదురుగా ఆ మాట అంటే నేను గట్టిగా కాదనలేదు. భయపడుతున్న మనిషికి అది ధైర్యంగా ఉంది కదా అనుకునేదాన్ని.

కోటయ్య గారు

కోటయ్య గారిది వినుకొండ వైపు పల్లె. మిర్చి వేస్తారు, గుంటూరు యార్డులో వ్యాపారమూ చేస్తారు. అరవై ఎనిమిదేళ్లు. ఆయన వచ్చిన రోజే హాలంతా ఆయన గొంతుతో నిండిపోయింది.

“ఏందమ్మాయ్, నువ్వు గుంటూరు దానివంటగా! ఈ తమిళం మధ్యలో మన మాట వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది” అన్నారు.

వెనక ఆయన భార్య అంజమ్మ గారు. సన్నగా, చేతిలో గుడ్డ సంచితో. ఆవిడ నవ్వారు గానీ ఏమీ మాట్లాడలేదు.

మొదటి రోజే పేచీ. నడుముకు వెండి మొలతాడు ఉంది. లోహం ఏదైనా తీసేయాలి. “ప్రాణమున్నంత వరకు తియ్యకూడదమ్మాయ్, అది నా వల్ల కాదు” అని కూర్చున్నారు. చివరికి అంజమ్మ గారు లోపలికి వచ్చి, నల్లదారం ఒకటి కట్టి, ఆ తర్వాతే వెండిది విప్పి కొంగున ముడేసుకున్నారు. పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

తర్వాత నీళ్ల సంగతి. రోజూ మూత్రం పూర్తిగా పోసేసి, కొలిచిన నీళ్లు తాగి, ముప్పావు గంట ఆపుకోవాలి. సంచి నిండుగా ఉంటే దాని పైభాగమూ, పేగులూ కిరణం దారిలోంచి పక్కకు జరుగుతాయి. ప్రతిరోజూ ఒకేలా నిండాలి. పేగు చివర్లో గాలి ఉండకూడదు. ఉంటే ప్రోస్టేట్ ముందుకు జరుగుతుంది, కిరణం చోటు తప్పుతుంది. అందుకని ముందు స్కాన్ తీసి చూస్తారు. తేడా ఉంటే బల్ల మీద నుంచి లేపి పంపించేస్తారు.

కోటయ్య గారిని మొదటి వారంలో మూడుసార్లు లేపేశారు. గ్యాస్.

“కందిపప్పు, గోంగూర లేకుండా మనిషెట్టా బతుకుతాడు?” అని నా మీద అరిచారు. నేను అంజమ్మ గారి దగ్గరకు వెళ్లి ఏ కూరలు పెట్టాలో, ఏవి మానాలో చెప్పాను. అద్దె గదిలో చిన్న స్టవ్ మీద ఆవిడ బీరకాయ, పొట్లకాయ, పెరుగన్నం మొదలుపెట్టారు. రెండో వారం నుంచి స్కాన్లు సరిగ్గా వచ్చాయి.

రోజూ నా ప్రశ్నలు నేను అడిగేదాన్ని. “రాత్రి ఎన్నిసార్లు లేచారు?” “రెండుసార్లు.” “మంట?” “కొంచెం.” “ధార?” “బ్రహ్మాండం.” రాసుకునేదాన్ని. నాలుగో వారంలో తుంటికి రెండు పక్కలా చర్మం కమిలినట్టు నల్లబడింది, కిరణం లోపలికి వెళ్లే చోట్లవి. కొబ్బరినూనె రాయొద్దన్నాను. రాయలేదు. మంచి పేషెంటు అనుకున్నాను.

అయిదో వారం ఒక ఉదయం హాల్లో గొంతు వినపడలేదు. చూస్తే గోడకు ఆనుకుని కూర్చున్నారు. మొహమంతా చెమట. పొట్ట కింద చేయి వేస్తే రాయిలా ఉంది. తెల్లవారుజాము నుంచి చుక్క మూత్రం రాలేదు. అలాగే కొలిచిన నీళ్లు కూడా తాగి వచ్చారు. పైపు వేస్తే నిండా వచ్చింది, ఆయన కళ్లు మూసుకుని ఊపిరి వదిలారు.

తర్వాత అసలు సంగతి బయటపడింది. మూడు వారాలుగా మంట భరించలేక, ఉదయం కొలిచి ఇచ్చిన నీళ్లు తప్ప రోజంతా నీళ్లు మానేశారు. నీళ్లు తక్కువై మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరిగింది. వాపుతో దారి మూసుకుపోయింది.

“రోజూ అడిగాను కదండీ. ఎందుకు చెప్పలేదు?” అన్నాను.

“చెబితే ఆపేస్తారేమోనని. సగంలో ఆపితే జబ్బు లోపలే ఉండిపోద్దిగా” అన్నారు. ఆ పెద్ద గొంతు పీలగా వచ్చింది.

మగవాళ్లు సిగ్గుతోనే దాస్తారనుకున్నాను అంతవరకు. భయంతో కూడా దాస్తారని ఆ రోజు తెలిసింది. మందులు మార్చారు, వారంలో పైపు తీశారు, చికిత్స పూర్తయింది.

వెళ్లే రోజు ఆయన రైలు తొందరలో ఉన్నారు. సంబరంగా ఉన్నారు. వార్డు అబ్బాయిలందరికీ మిఠాయి పంచారు. డిశ్చార్జి కాగితంలో ఇంగ్లీషులో అన్నీ ఉన్నాయి. ఏడాది, ఏడాదిన్నర తర్వాత విరేచనంలో రక్తం కనిపించవచ్చని, అప్పుడు మమ్మల్ని అడగకుండా ఆ చోట ఎవరినీ కోయనివ్వకూడదు, కాల్చనివ్వకూడదు, ముక్క తీయనివ్వకూడదని. నేను నోటితో చెప్పాల్సింది. అంత సంతోషంగా వెళ్తున్న మనిషికి రక్తం మాట చెప్పడానికి మనసు రాలేదు. కాగితంలో ఉందిగా, ఇంగ్లీషు వచ్చిన అల్లుడున్నాడు, చదివి చెబుతాడులే అనుకున్నాను.

పెళ్లిలో వచ్చిన ఫోను

పద్నాలుగు నెలల తర్వాత సెలవు మీద గుంటూరు వచ్చాను. మా పెద్దమ్మ మనవరాలి పెళ్లి. పెళ్లికూతురు చర్చి మెట్లెక్కుతోంది, బ్యాండు మోగుతోంది. ఫోను. కోటయ్య గారు.

“అమ్మాయ్, దొడ్డికి పోయినప్పుడు కాస్త ఎర్రగా పడతంది.”

ఎప్పటి నుంచి అని అడగలేదు. ఎంత అని అడగలేదు. ఒక చెవి మూసుకుని గట్టిగా అరిచి చెప్పాను. “మొలలు అయ్యుంటాయండీ. మీరు కారం ఎక్కువ తింటారుగా. కంగారు పడకండి. వచ్చే నెల చెకప్‌కి వస్తారు కదా, అప్పుడు చూద్దాం.”

“అంతేనంటావా?”

“అంతేనండీ.”

“హమ్మయ్య” అన్నారు.

నిమిషం కూడా పట్టలేదు. ఫోను సంచిలో వేసుకుని పెళ్లిలోకి వెళ్లిపోయాను. భోజనాల దగ్గర ఒక్కసారి గుర్తొచ్చింది. రేపు ఫోను చేసి సరిగ్గా అడగాలి అనుకున్నాను. రేపు అనుకున్నది ఎల్లుండి అయింది. చెన్నై తిరిగి వెళ్లాక పనిలో పడిపోయాను.

మూడు వారాలకు ఆయన నంబరు నుంచి ఫోను. ఎత్తితే అంజమ్మ గారి గొంతు. ఆవిడ నాకు ఫోను చేయడం అదే మొదలు.

“అమ్మా, ఆయన కూర్చోలేకపోతన్నాడు. మొలలకని టౌన్లో ఎవరి దగ్గరో కరెంటు పెట్టి కాల్పించుకొచ్చాడు. మానుద్దన్నారు. ఇరవై రోజులైంది. చీము పడతంది, వాసనొస్తంది.”

 రేడియేషన్ తగిలిన పేగు గోడ పైకి మామూలుగానే కనిపిస్తుంది. కానీ లోపలి సన్నటి రక్తనాళాలు చాలా వరకు పోయి ఉంటాయి. అక్కడ గాయం చేస్తే మానడానికి రక్తం అందదు. రక్తం పడటం చాలామందిలో దానంతటదే తగ్గుతుంది, లేదా మందు ఎనిమాలతో తగ్గుతుంది. గాయం చేసి రెచ్చగొడితే పుండవుతుంది. పుండు లోతుగా పోతే పేగుకూ మూత్రనాళానికీ మధ్య కన్నం పడుతుంది.

ఆయనకు చికిత్స చేసిన మా డాక్టరమ్మ గదికి వెళ్లి అంతా చెప్పాను.

“మొలలని ఎవరు చెప్పారు ఆయనకు?”

“నేనే మేడం.”

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. “ఈ రోజే బయలుదేరమను. దారిలో ఎవరూ లోపల వేలు కూడా పెట్టకూడదు” అని మాత్రం అన్నారు.

బుడగలు

గొట్టం కెమెరాతో చూశారు, ముక్క తీయలేదు. పుండు ముందు గోడ మీద, సరిగ్గా ప్రోస్టేట్‌కు ఆనుకుని ఉన్న చోట ఉంది. రూపాయి బిళ్లంత. కన్నం ఇంకా పడలేదు. పడుతుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

మలం పుండుకు తగలకుండా పొట్ట మీద దారి చేసి సంచి పెట్టారు. “యార్డుకెట్టా పోవాలి నేను దీన్ని కట్టుకుని?” అన్నారు కోటయ్య గారు. అరవలేదు. అడిగారంతే. ఆ సంచి మార్చడం నేర్పిస్తుంటే గోడవైపు తిరిగి పడుకున్నారు. అంజమ్మ గారు ఒక్కసారి చూసి నేర్చేసుకున్నారు.

పుండుకు రక్తం అందడానికి, ఒత్తిడితో ఆక్సిజన్ ఎక్కించే గదిలో రోజూ కూర్చోబెట్టారు. రెండు నెలలు. ఆ తర్వాత ఇంటికి పంపారు. కన్నం పడితే మొదటి గుర్తు మూత్రంలో గాలి బుడగలు. రోజూ చూసుకోమన్నాం.

ప్రతిరోజూ ఉదయం ఏడింటికి నేను ఫోను చేసేదాన్ని.

“బుడగలు?”

“లేవమ్మాయ్.”

అంతే మాట. ఆ ఒక్క మాట వినే దాకా టీ తాగబుద్ధయ్యేది కాదు. వార్డులో కొత్తగా ఎవరైనా “సిస్టర్, కొంచెం రక్తం” అంటే చేతిలో పని వదిలేసి పరిగెత్తేదాన్ని. మంచి నర్సునన్న నమ్మకం అప్పటిదాకా ఉండేది నాకు. అది పోయింది. మందు డోసు ఒకటికి మూడుసార్లు చూసుకునేదాన్ని, పక్క సిస్టర్‌ను పిలిచి మళ్లీ చూపించేదాన్ని. వాళ్లు విసుక్కునేవాళ్లు.

ఒక రోజు ఆయన ఫోను ఎత్తలేదు. ఏడున్నరకు చేశాను, ఎనిమిదికి చేశాను. కన్నం పడిందేమో, జ్వరమొచ్చిందేమో, ఎవరో మళ్లీ ఏదో క్లినిక్‌కు తీసుకెళ్లారేమో అని రకరకాలుగా తోచింది. పదింటికి ఆయనే చేశారు.

“చేలో మందు కొట్టిస్తన్నా అమ్మాయ్, ఫోను ఇంటికాడ వదిలేశా. ఏంది ఇన్నిసార్లు చేశావ్?”

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోవడం చేతకాలేదు.

“ఏడుస్తన్నావా ఏంది? బుడగల్లేవమ్మా. లేవు. ఊరుకో.”

అయిదో నెలలో పుండు అంచులు దగ్గరపడ్డాయి. ఏడో నెలలో మూసుకుంది. ఇంకో రెండు నెలలు ఆగి సంచి తీసేసి పేగు కలిపేశారు. క్యాన్సర్ రక్తపరీక్షలో అంకె అన్నాళ్లూ కిందే ఉంది. ఆపరేషన్ థియేటర్ బయట డాక్టరమ్మ నా భుజం మీద చేయి వేసి, “వెళ్లి ఏమన్నా తిను” అన్నారు.

కల్లం దగ్గర

రిటైరై గుంటూరు వచ్చాక, ఎండాకాలం మొదట్లో వాళ్ల ఊరు వెళ్లాను. మిర్చి కల్లంలో ఆరబోసి ఉంది. కన్ను పోయినంత మేరా ఎరుపే, ఘాటుకు తుమ్ములాగలేదు. కోటయ్య గారు నవారు మంచం మీద కూర్చుని కూలీలను అదిలిస్తున్నారు. పాత గొంతు తిరిగొచ్చింది. అంజమ్మ గారు పక్కనే పీట మీద కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు.

అన్నాళ్లుగా చెప్పాలనుకున్నది చెప్పాను. “ఆ రోజు మొలలన్నది నేనేనండీ. పెళ్లి హడావిడిలో సరిగ్గా వినకుండా అనేశాను. మీరు పడ్డదంతా నా మాట వల్లే.”

ఆయన కూలీలను దూరంగా పొమ్మని చేయి ఊపారు.

“నీకు ఫోను చేసేనాటికి రెండు నెల్ల నించీ పడతంది నాకు” అన్నారు.

“రెండు నెలలా? మరి ఎందుకు చెప్పలేదు?”

“ఎట్టా చెప్పను? జబ్బు మళ్లా వచ్చిందనుకున్నా. ఫోను తీసేది, నీ పేరు చూసేది, మళ్లా పెట్టేసేది. నువ్వు మొలలనేసరికి పండగలా అనిపించింది. అందుకే మర్నాడే పొయ్యా. నువ్వు మాట మారిస్తే మళ్లా భయపడాల్సొస్తదని.”

 అప్పుడు అంజమ్మ గారు తల ఎత్తకుండానే అన్నారు.

“రెండు కాదు. నాలుగు నెల్లు.”

కోటయ్య గారు గబుక్కున తిరిగారు. “నీకెట్టా తెలుసే?”

“నీ పంచెలు ఉతికేది ఎవురు?” అని ఆవిడ నా వైపు తిరిగారు. “మెడ్రాసులో కూడా అంతేనమ్మా. రాత్రికి పదిసార్లు లేచేవాడు. నువ్వడిగితే రెండన్నాడు. నేను బయట బల్ల మీదే కూర్చునుండేదాన్ని. తలుపు తీసే ఉండేది, అన్నీ వినపడేవి.”

“మరి మీరు నాతో ఒక్క మాట చెప్పలేదేం అంజమ్మ గారూ?”

“నన్నెవురు అడిగారమ్మా? బీరకాయ పెట్టావా, పొట్లకాయ పెట్టావా అనడిగావు. అదే చెప్పా.”

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. నేను మంచం మీంచి లేచి వెళ్లి ఆవిడ పక్కన కింద కూర్చున్నాను. “ఇప్పుడెలా ఉందండీ ఆయనకు?” అని అడిగాను.

ఆవిడ ఒకసారి భర్త వైపు చూశారు. తర్వాత మొదలుపెట్టారు. రాత్రి నాలుగుసార్లు లేస్తున్నాడు, దగ్గితే బట్ట తడుస్తోంది, సాయంత్రం మూత్రానికిచ్చిన మాత్ర వేసుకుని గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతున్నాయి, మొన్న బుధవారం పంచె మీద ఒక ఎర్ర చుక్క చూశాను. ఆ చివరి మాటకు కోటయ్య గారు తల దించుకున్నారు.  ఏ రంగు, ఎంత, ఎన్నిసార్లు, నొప్పి ఉందా అని ఒక్కొక్కటే అడిగాను. అన్నిటికీ ఆవిడ దగ్గర జవాబుంది. అక్కడి నుంచే డాక్టరమ్మకు ఫోను చేసి అంజమ్మ గారి చేతే మాట్లాడించాను. తర్వాతి వారం చూపించుకున్నారు. చిన్నదే. ఎనిమా మందుతో తగ్గింది. ఎవరూ ఏమీ కోయలేదు, కాల్చలేదు.

ఇప్పుడు నాకు ఫోను చేసేది ఆవిడే. నెలకోసారి, మధ్యాహ్నం భోజనాలయ్యాక. “రాసుకోమ్మా” అని మొదలుపెడతారు. నేను నిజంగానే కాగితం తీసుకుని కూర్చుంటాను. వెనక నుంచి కోటయ్య గారి గొంతు వినిపిస్తుంది. “ఏందే, అన్నీ చెప్పాలా?”

“చెప్పాలి” అంటారావిడ, మధ్యలో ఆపకుండా.